నలభై పేర్లు వద్దు, ఐదు చాలు

చిరంజీవి వంశీకి,

రాబోయే కంప్యూటర్ ఆటల్లో, పాత ఆటల విస్తరణల్లో (తర్వాత చేర్చే అదనపు భాగాల్లో) ఏ ప్రాచీన నాగరికతలు వస్తాయో ఊహిస్తూ నువ్వు పంపిన జాబితా చూశాను. నలభై రెండు పేర్లు! అన్ని రాస్తే మూడో నాలుగో తగలక ఎక్కడికి పోతాయి? అది గురి చూసి కొట్టడం కాదురా, చెరువంతా వల వేయడం. ఐదుకు దించు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 (ఏజ్ 2) ఆట విస్తరణల సంగతే చూడు. 2022లో 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా'తో వచ్చిన కొత్తవి మూడు. 2024లో 'బ్యాటిల్ ఫర్ గ్రీస్'లో మూడు. 2025లో 'అలెగ్జాండర్ ది గ్రేట్'లో మళ్లీ మూడే. 'త్రీ కింగ్‌డమ్స్'లో మాత్రం ఐదు. ఒక విస్తరణకి ఇంతకు మించి పెట్టుకోకు.

పేర్లు ఏరే ముందు కథ ఏమిటో పసిగట్టు. అలెగ్జాండర్ విస్తరణలో మన దేశం నుంచి వచ్చింది మౌర్యులు కాదు, పురు రాజ్యం. ఎవరు గొప్ప అని లెక్కేసినవాళ్లు మౌర్యులనే రాసి ఉంటారు. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున అలెగ్జాండర్‌కి ఎదురు నిలిచింది పురు రాజు పురుషోత్తముడు కాబట్టి కథకి ఆయనే కావాలి. విస్తరణ పేరు తెలియగానే ఆ కథానాయకుడు ఎవరెవరితో తలపడ్డాడో వరుసగా రాసుకో, నీ ఐదు పేర్లలో మూడు అక్కడే దొరుకుతాయి. మిగతా రెంటిలో ఒకటి ఖాళీగా వదిలెయ్. ఎందుకంటావా? 'త్రీ కింగ్‌డమ్స్' ముందు చాలామంది టాంగుట్లు, టిబెటన్లు వస్తారని ఆశ పెట్టుకున్నారు. వచ్చినవేమో చైనాకి ఉత్తరాన ఉన్న జుర్చెన్లు, ఖితాన్లు, వాళ్లతోపాటు మూడో శతాబ్దపు చైనా రాజ్యాలు వెయ్, షు, వు. గ్రీస్, అలెగ్జాండర్ విస్తరణలంటే విడి శ్రేణి, మధ్యయుగాల అసలు ఆటలోకి అంత పాత రాజ్యాలు రావనుకున్న లెక్క తప్పింది. జనాదరణ ఉన్న కథ దొరికితే తయారీదారులు తమ నియమం తామే దాటుతారు.

కాలం సరిపోలేదని కూడా తొందరపడి ఎవరినీ కొట్టెయ్యకు. సివిలైజేషన్ 7 అనే ఇంకో ఆటలో కంబోడియా ఖ్మేర్లను ప్రాచీన యుగంలోనే కూర్చోబెట్టారు. అంగ్‌కోర్ రాజ్యం మొదలైందే తొమ్మిదో శతాబ్దంలో!

ఇక అసలు పరీక్ష. ప్రతి నాగరికతకీ ఆటలో నిండాల్సిన గళ్లు కొన్ని ఉంటాయి. సివిలైజేషన్ 7లో అయితే ఒక ప్రత్యేక సామర్థ్యం, ఒక సైనిక దళం, ఒక పౌర దళం, ఒక ప్రత్యేక నిర్మాణం, ఒక అద్భుతం (పేరుమోసిన కట్టడం), వీటికి తోడు పట్టణాల పేర్లు. కాగితం మీద గీతలు గీసి నింపు. నీకు ఇష్టమైన శాతవాహనులనే తీసుకుందాం.

పట్టణాలకు కొదవ లేదు: ప్రతిష్ఠానం, ధాన్యకటకం, తగర, జున్నార్, కోటిలింగాల, ధూళికట్ట. భాష ప్రాకృతం, శాసనాలున్నాయి, కాబట్టి సంభాషణలు రాయించవచ్చు. తెలుగు మాట్లాడిస్తారని మాత్రం రాయకు, తెలిసినవాళ్లు అక్కడే చదవడం ఆపేస్తారు. సామర్థ్యానికి పేరు బాలశ్రీ నాసిక్ శాసనంలో సిద్ధంగా ఉంది. కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణిని ఆమె 'త్రిసముద్రతోయపీతవాహన' అంది, అంటే మూడు సముద్రాల నీళ్లు తాగిన గుర్రాలు గలవాడని. ప్రత్యేక నిర్మాణానికి నానేఘాట్ కనుమ పనికొస్తుంది: కొంకణ తీరం నుంచి పైకెక్కే వర్తకుల దారి అది, శాతవాహన రాణి నాగనిక శాసనం ఉన్నదీ అక్కడే. ఆ కనుమలో సుంకపు చావడి కట్టి, ఒక్కో వర్తక మార్గానికి ఇంత బంగారం అని రాయి. పౌర దళానికి శాతవాహన రాజు యజ్ఞశ్రీ నాణెం చూడు, రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. దాన్ని యుద్ధనౌక చేశావంటే పప్పులో కాలేసినట్టే. ఆ నాణెం చెప్పేది సముద్ర వర్తకం గురించి. నాయకుడి ముఖం కావాలంటే వెండి నాణేల మీద రాజుల బొమ్మలున్నాయి. ఇంకో మంచి ముక్క: జోగల్‌తెంబిలో దొరికిన 13 వేలకు పైగా క్షత్రప రాజు నహపాణుడి నాణేల్లో చాలా వాటిమీద గౌతమీపుత్రుడు తన ముద్ర మళ్లీ కొట్టించాడు. ఓడిపోయినవాడి ఖజానా గెలిచినవాడి నాణెంగా మారడం, ఆటలో ఇంతకన్నా చక్కని లాభం ఏముంటుంది?

చిక్కు రెండు గళ్లలో ఉంది. సైనిక దళానికి ఏనుగు అంటావు, అది మౌర్యులకు ఇచ్చేశారు. అద్భుతానికి అమరావతి స్తూపం అంటావు, మౌర్యులకు సాంచి స్తూపం ఉంది, పక్కపక్కనే రెండు స్తూపాలు పెట్టరు. (సాంచి దక్షిణ తోరణం చెక్కించినవాడు శాతకర్ణి శిల్పుల మేస్త్రి ఆనందుడని ఆ రాయే చెబుతుంది. ఏం చేస్తాం!) అందుకే బాలశ్రీ శాసనమున్న నాసిక్ మూడో గుహను ప్రతిపాదించు. సైనికుడి గడి బలహీనమని నువ్వే ఒప్పేసుకో, ఎదుటివాడు ఎత్తిచూపే దాకా ఆగకు.

హరప్పా సంగతి వేరు. లిపి చదవలేకపోయాం, రాజు పేరు లేదు, భాష తెలియదు. 1997 నాటి మొదటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో క్రీట్ దీవి మినోవన్లు ఉన్నారు, వాళ్ల లీనియర్ ఎ లిపీ ఎవరికీ అర్థం కాలేదు. అప్పట్లో దళాలు అర్థంలేని శబ్దాలు చేసేవి, చెల్లింది. నాగరికతను బట్టి దళాలు నిజమైన భాషలో మాట్లాడే ఏజ్ 2లో చెల్లదు. కానీ సివిలైజేషన్ 7లో నాయకుడు వేరు, నాగరికత వేరు. రాత లేని ఉత్తర అమెరికా మిసిసిపియన్లు అందులో ఉన్నారు, వాళ్ల పట్టణం కహోకియా కూడా తర్వాతి వాళ్లు పెట్టిన పేరే. హరప్పా పట్టణాలు ధోలావీరా, రాఖీగఢీల పేర్లూ అంతే కదా. కనుక హరప్పాను ఒక ఆటకి కొట్టేసి, ఇంకో ఆటకి ఉంచు.

ట్రైలర్ చూసేటప్పుడు ఆపి, కీబోర్డులో కామా, ఫుల్‌స్టాప్ నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ జరుపు. యూట్యూబ్‌లో అలా కదులుతుంది. ఇళ్లు, బజార్లు చూసి ఏమీ తేల్చకు. ఏజ్ 2లో ద్రావిడులకీ బెంగాలీలకీ గూర్జరులకీ ఇళ్లు ఒకేలా ఉంటాయి. అద్భుతాన్నీ, ప్రత్యేక సైనికుడినీ వెతుకు. నిమిషం, సెకను రాసుకో. చేత్తో గీసిన బొమ్మ అయితే దాన్ని సాక్ష్యంగా పెట్టకు.

చివరికి ప్రతి పేరు పక్కనా 'ఖాయం', 'అవకాశముంది', 'నా కోరిక' అని ఏదో ఒకటి వెయ్యి, తేదీ వెయ్యి, తర్వాత దిద్దకు. కాకతీయులు నీ కోరికలోకే పోతారు, వాళ్లది ప్రాచీన కాలమే కాదు. ఇంకొకటి: రెండు చోట్ల 'శాలివాహనులు' అని రాశావు, శాతవాహనులు అని మార్చు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న