అమెరికా చేరిన అఫ్గాన్ డాక్టర్ వెంటనే ప్రాక్టీస్ చేయొచ్చా?

చేయలేరు, వర్క్ పర్మిట్ ఉన్నా, వైద్యం చేయడానికి ఆ రాష్ట్ర మెడికల్ బోర్డు నుంచి లైసెన్సు విడిగా తెచ్చుకోవాలి. వర్క్ పర్మిట్ ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం, లైసెన్సు ఇచ్చేది రాష్ట్రాలు. విదేశాల్లో చదివినవాళ్లు సాధారణంగా యూఎస్ఎంఎల్ఈ (అమెరికా వైద్య లైసెన్సు పరీక్షలు) పాసై, విదేశీ వైద్య డిగ్రీలను పరిశీలించే ఈసీఎఫ్ఎంజీ సంస్థ నుంచి సర్టిఫికెట్ పొంది, అక్కడి ఆసుపత్రిలో రెసిడెన్సీ, అంటే సీనియర్ల పర్యవేక్షణలో కొన్నేళ్ల శిక్షణ, చేయాలి. మన ఎంబీబీఎస్ వాళ్లు వెళ్లే దారీ ఇదే. అయితే అఫ్గాన్లకు అసలు చిక్కు కాగితాల దగ్గరే వస్తుంది. డిగ్రీ నిజమైనదేనని సాధారణంగా చదివిన కాలేజీయే నేరుగా ధ్రువీకరించాలి. ఉదాహరణకు, 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి వెళ్లాక ప్రాణాలు దక్కించుకుని వచ్చిన సర్జన్, ఎన్నేళ్ల అనుభవం ఉన్నా, ఆ ధ్రువీకరణ కోసం మళ్లీ అక్కడి విశ్వవిద్యాలయం వైపే చూడాలి. ఈలోగా ఇల్లు గడవాలి కాబట్టి మెడికల్ అసిస్టెంట్‌గానో దుభాషిగానో చేరాల్సి వస్తుంది. అంత నైపుణ్యం మూలన పడటం నిజంగా బాధాకరం, రోగులకూ నష్టమే.

వాళ్ల డిగ్రీ చెల్లదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. గుర్తింపు లేని కాలేజీలో చదివితే అసలు ఆ పరీక్షలకే కూర్చోనివ్వరు. పైగా తగిన అర్హతలున్న విదేశీ డాక్టర్లకు, రెసిడెన్సీ మళ్లీ చేయకుండానే తాత్కాలిక లైసెన్సు ఇచ్చేలా టెనెసీ రాష్ట్రం 2023లో చట్టం చేసింది.