నిలువెత్తు బంగారం మొక్కు, మా పాప మానేసిన అన్నం

పెద్దల మాటలను పిల్లలు మరోలా అర్థం చేసుకోవడం వల్ల మీ ఇంట్లో జరిగిన తమాషా సంఘటనలు చెప్పమని, అందరూ నవ్వినప్పుడు పిల్లలు చిన్నబుచ్చుకుంటే ఏం చేశారో కూడా రాయమని అడిగారు. మాది హనుమకొండ. అత్తమ్మ, మామయ్య, బావగారి కుటుంబం, మేము ఒకే ఇంట్లో ఉంటాం కాబట్టి పిల్లల చెవిన పడే మాటలకు కొదవ లేదు. వాటన్నిటిలో 2024 ఫిబ్రవరి మేడారం జాతరకు ముందు జరిగినదాన్ని మా చుట్టాలు ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వుతారు.

అంతకుముందు వానాకాలంలో మా పాపకు జ్వరం వచ్చి ఎంతకీ తగ్గకపోతే, అత్తమ్మ మంచం పక్కన కూర్చుని, "సమ్మక్క తల్లీ, నా మనుమరాలు మంచిగైతే నిలువెత్తు బంగారం ఇచ్చుకుంట" అని మొక్కుకున్నారు. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని మేడారంలో రెండేళ్లకు ఒకసారి మాఘమాసంలో జరిగే ఆ జాతర గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. తల్లుల గద్దెల దగ్గర భక్తులు సమర్పించే బెల్లాన్నే మా వైపు బంగారం అంటాం. మనిషిని కాంటాలో కూర్చోబెట్టి, సరితూగినంత బెల్లం ఇవ్వడమే నిలువెత్తు బంగారం. పాప నిద్రపోతోందనే అనుకున్నాం గానీ ఆ మొక్కు మొత్తం విన్నది, విన్నదాన్ని విన్నట్టే నమ్మింది.

జాతర దగ్గర పడుతుండగా, ఆడపడుచు కూతురి పెళ్లికి ఏదైనా పెట్టాలని బంగారం దుకాణానికి వెళ్లాం. తులం ధర 60 వేల చుట్టూ ఉందని చెప్పగానే అత్తమ్మ నా వైపు చూసి, "తులం కొనుడే కష్టమైతున్నది" అన్నారు. నా ఒళ్లో కూర్చున్న పాప ఆ మాట కూడా విన్నది.

ఆ రాత్రి నుంచే తిండి తగ్గించింది. పప్పన్నం రెండు ముద్దలు తిని కంచం జరిపేయడం, పెరుగన్నం కలిపి నోటి దగ్గర పెడితే పెదవులు బిగించి తల అడ్డంగా ఊపడం మొదలైంది. డాక్టర్ చూసి ఏమీ లేదన్నారు. అత్తమ్మ ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీశారు. ఒకరోజు పాపను ఎత్తుకుని మెట్లెక్కుతుంటే, "అమ్మా, నేను బరువైనన్నా?" అని అడిగింది. సంతోషిస్తుందని, "మస్తు బరువైనవ్ బిడ్డా, ఎత్తలేకపోతున్న" అన్నాను. పాప మొహం వాడిపోయింది. మరునాడు పొద్దున పాలు కూడా తాగలేదు.

కాజీపేట రైల్వేలో ఉద్యోగం రావడంతో కోస్తా వైపు నుంచి వచ్చి మా పక్కింట్లో దిగిన ఆవిడ కూడా ఈ కథలో ఉన్నారు. మా పాప ఆమెతో, "నేనెంత బరువుంటే గంత బంగారం మా నానమ్మ ఇస్తది" అని చెప్పిందట. ఆవిడ ఒక సాయంత్రం వచ్చి, "అంత బంగారం సంగతి పిల్ల చేత బయట చెప్పించకండి అక్కా, రోజులు బాగాలేవు" అని ఎంతో ఆప్యాయంగా హెచ్చరించి వెళ్లారు. విషయం చెప్పేసరికి ఆమెకూ నవ్వు ఆగలేదు.

మొక్కు తీర్చే రోజు వాకిట్లో కాంటా కట్టి, ఒక తట్టలో పాపను కూర్చోబెట్టి, రెండో తట్టలో బెల్లం ముద్దలు పేరుస్తున్నారు. పాప ఆ ముద్దల వంక చూసి, "బంగారమేది?" అని అడిగింది. "గిదే బిడ్డా" అన్నారు అత్తమ్మ. పాప వంగి, ఒక ముద్దను గోటితో గీకి నాకి, "గిది బెల్లం కదా నానమ్మా!" అని ఏడుపు అందుకుంది. ఆ ఏడుపులోనే, "నీ తాన పైసలు లేవని నేను అన్నం తినలే" అన్నది. వాకిట్లో ఉన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. పొరపడినందుకు పాపకు అంత బాధ లేదు. నానమ్మ కోసం ఆకలి ఓర్చుకుంటే అందరూ నవ్వారన్నదే దాని దుఃఖం. ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది అత్తమ్మే. ఆమె నవ్వకుండా పాపను దింపి ఎత్తుకుని, "నా కోసం పస్తున్నవా బిడ్డా" అంటూ లోపలికి తీసుకెళ్లి, కడుపునిండా తినిపించి, తీసుకొచ్చి మళ్లీ తూచారు. ముల్లు పెద్దగా కదలకపోయినా, పాప మాట మీద ఇంకో ముద్ద పెట్టించారు. అప్పుడు పాప కూడా మాతో కలిసి నవ్వింది.

సద్దుల బతుకమ్మనాడు చెరువు దగ్గర "పోయి రావమ్మా" అని సాగనంపితే, గౌరమ్మ వస్తుంది కదా అని రాత్రి తలుపు గొళ్లెం పెట్టనివ్వకపోవడం లాంటివి ఇంకా ఉన్నాయి గానీ, బావగారి అబ్బాయి ముచ్చట ఒకటి తప్పకుండా చెప్పాలి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి శిఖరం ఇటుకలు నీళ్లలో తేలుతాయని మామయ్య వాడికి చెప్పారు. అప్పుడే మేము మేడ మీద గది కట్టిస్తున్నాం. వాడు ఇటుకలు ఒక్కొక్కటే తెచ్చి నీళ్ల తొట్టిలో వేసి, అన్నీ మునగడం చూసి, పనివాళ్లందరి ముందు, "తాతా, మేస్త్రీ మంచి ఇటుకలు తేలేదు!" అని అరిచాడు. మేస్త్రీ మొహం మాడింది, బావగారు కొట్టబోయారు. మామయ్య అడ్డుపడి, రామప్పలో కింది గుడి అంతా రాయేనని, పైన బరువు తగ్గించడానికి శిఖరానికి మాత్రమే ఆ తేలిక ఇటుకలు వాడారని, మన గోడకు ఇవే కావాలని నిదానంగా విడమరిచి చెప్పారు. విషయం అర్థమయ్యాక మేస్త్రీయే తొట్టిలోంచి ఒక ఇటుక తీసి చూసి, "పొడి ఇటుక మాలులోని నీళ్లు గుంజుతది, అందుకే మేం కట్టే ముందు నానబెడ్తం. నా పని నువ్వే చేసినవ్ కదరా" అని వాడి భుజం తట్టాడు. గది పూర్తయ్యేదాకా రోజూ బడి నుంచి రాగానే ఇటుకలు నానేసే పని మావాడిదే అయింది.