పని సగంలో ఉంది, జీతం ఆగింది: అప్పు చేసి పూర్తి చేయాలా?

ప్రశ్న: ఇంటి మరమ్మతులు జరుగుతుండగా మావారి ఉద్యోగం పోయింది. మరమ్మతుకని దాచింది చాలక అత్యవసర నిధి కూడా అందులోనే పెట్టాం. డాబా మీద పాత వాటర్‌ప్రూఫింగ్ తీసేశారు, రెండు బాత్రూముల్లో ఒకటి పగలగొట్టి ఉంది, వంటగది కప్‌బోర్డులకు ఆర్డర్ ఇచ్చాం. ఇప్పుడు ఆపితే తర్వాత ఖర్చు పెరుగుతుందని కాంట్రాక్టర్ అంటున్నాడు. నా జీతం మీద పర్సనల్ లోన్ తీసుకుని పని పూర్తి చేసి, చేతిలో ఉన్నది ఇంటి ఖర్చుకు ఉంచుకుందామని ఆలోచన. మూణ్నాలుగు నెలల్లో ఆయనకు ఉద్యోగం వస్తే తీర్చేస్తాం. సరైన నిర్ణయమేనా?

జవాబు: కాదు. లోన్ జోలికి వెళ్లకండి.

మీరు పంపిన లెక్కలన్నీ మీ పాత నెల ఖర్చును 100 అనుకుని రాస్తున్నాను. ఇదే అవస్థలో ఉన్నవాళ్లు తమ అంకెలు పెట్టి చూసుకోవచ్చు. ఆ 100లో హౌసింగ్ లోన్ ఈఎంఐ 25. మీ జీతం 50. చేతిలో మిగిలింది 160, మీవారికి వచ్చిన సెటిల్‌మెంట్ 140, మొత్తం 300. మిగిలిన పనికి 250 కావాలి. ఆ 300తోనే పని ముగిస్తే మిగిలేది 50. ఇప్పటి ఖర్చు తగ్గించకపోతే మీ జీతం పోను నెలకు 50 లోటు కాబట్టి, అది ఒక్క నెలకు సరి.

ఖర్చు 75కు దించగలరని మీ జాబితా చూస్తే తెలుస్తోంది. అప్పుడు నెలకు లోటు 25. ఇక 250 లోన్ 16 శాతం వడ్డీకి, మూడేళ్ల గడువుకు తీసుకున్నారనుకుందాం. ఈఎంఐ 9 దాకా పడుతుంది, లోటు 34 అవుతుంది. చేతిలోని 300 తొమ్మిది నెలలకు కాస్త తక్కువగా వస్తుంది. లోన్ లేకుండా, తప్పనిసరి పనికి మాత్రం 80 ఖర్చుపెట్టి ఆపేస్తే మిగిలే 220 కూడా, 25 లోటు చొప్పున, దాదాపు అన్నే నెలలు వస్తుంది. అందుకే లోన్ ఆలోచన కాగితం మీద బాగుంటుంది. కానీ లోన్ తీసుకుంటే తొమ్మిదో నెలకు డబ్బు అయిపోయి, ఇంకా 200 దాకా బాకీ ఉంటుంది. మీ 50 జీతంలో 34 ఈఎంఐలకే పోతుంది. రెండో దారిలో కొత్త బాకీ ఒక్క పైసా ఉండదు. మూణ్నాలుగు నెలల్లో ఉద్యోగం వస్తుందన్నది ఆశ. దాన్ని నమ్ముకుని మూడేళ్ల వాయిదాలకు సంతకం పెడతారా?

కాంట్రాక్టర్ మాట పూర్తిగా తప్పేం కాదు. ఆపి మళ్లీ మొదలుపెడితే రేట్లు పెరుగుతాయి, కూలీలను మళ్లీ పిలవాలి. మిగిలే 170 పనికి 15 శాతం పెరిగిందనుకున్నా అది 25. లోన్ మీద మూడేళ్లలో కట్టే వడ్డీ 66.

క్రెడిట్ కార్డు ఊసు కూడా వద్దు. నెలకు 3 శాతం వడ్డీ అనుకున్నా, కట్టకుండా పేరబెడితే ఏడాదికి 42 శాతం దాటుతుంది. పైగా ఒకసారి బాకీ మోశారంటే కొత్తగా కొన్న వాటికీ మొదటి రోజు నుంచే వడ్డీ. ఇక ఉద్యోగం పోయిన సంగతి దాచి, మీవారి పాత పేస్లిప్పులతో అప్పు తెచ్చుకునే సలహా ఎవరైనా ఇస్తే, అది మోసం కిందికి వస్తుందని గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఆ 80 ఎక్కడ పెట్టాలో చూద్దాం. మొదట డాబా. పాత పొర తీసిన స్లాబును అలా వదిలేస్తే నీరు లోపలి ఇనుము దాకా దిగి తుప్పు పట్టిస్తుంది, ఆ మరమ్మతు ఇప్పటి పనికంటే ఖరీదు. వాటర్‌ప్రూఫింగ్ పూర్తి చేయించి, పూత ఆరాక కనీసం 24 గంటలు నీళ్లు నిలబెట్టి కింద గదుల్లో చెమ్మ చూసుకోండి. బాత్రూమ్ ఒకటి పనిచేస్తోంది కాబట్టి రెండోదాన్ని మూసేయండి: పైపు చివరలకు ఎండ్ క్యాప్‌లు, డ్రెయిన్ నోటికి గట్టి మూత. తెరిచిన వైర్లకు టేపు చుట్టి వదిలేస్తే చాలదు, కనెక్టర్లు వేసి బాక్సులో మూయించి ఆ లైను ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ లైనుకు కరెంటు ఆపే స్విచ్) దించేయాలి. రంగులు, టైల్స్ ఆగుతాయి. విప్పని టైల్స్ పెట్టెలు వెనక్కి తీసుకుంటారేమో అడగండి. ఉంచుకుంటే పెట్టె మీది బ్యాచ్ నంబరు రాసిపెట్టుకోండి, తర్వాత కొన్నవి రంగు కలవకపోవచ్చు.

కాంట్రాక్టర్ ఫోను ఎత్తకుండా తప్పించుకోవద్దు. పిలిచి, ఇద్దరూ కలిసి కొలతలు వేయండి. అయిన పని, సైటులో ఉన్న సామాను, ఆర్డరిచ్చినా రానిది: మూడూ వేర్వేరుగా రాసి, ఇచ్చిన అడ్వాన్సు అందులో తగ్గించి, లెక్క కింద ఇద్దరూ సంతకం చేయండి. డాబా బిల్లులో 10 శాతం నీటి పరీక్ష అయ్యేదాకా ఆపి ఉంచండి. కొత్త అడ్వాన్సు మాత్రం ఇవ్వొద్దు.

హౌసింగ్ లోన్ ఇచ్చిన బ్యాంకుకు మొదటి ఈఎంఐ తప్పకముందే వెళ్లండి. గడువు పెంచడమో, కొన్ని నెలలు వడ్డీ మాత్రమే కట్టడమో అడిగి, ఒప్పుకున్నది రాతపూర్వకంగా తీసుకోండి. మీవారి కంపెనీ ఆరోగ్య బీమా ఆగే తేదీ కనుక్కుని, మీ ఆఫీసు పాలసీలో ఆయన్నీ పిల్లల్నీ చేర్చే వీలుందేమో వెంటనే అడగండి, ఆ గడువు సాధారణంగా కొద్ది రోజులే ఉంటుంది.

అసలు తప్పు ఉద్యోగం పోవడానికి ముందే జరిగింది. 'ఇద్దరికీ జీతాలున్నాయిగా' అనుకుని అత్యవసర నిధిని మరమ్మతు బడ్జెట్‌లో కలిపేశారు. పాత గోడ పగలగొట్టాక ఖర్చు పెరగని మరమ్మతు ఉండదు. మీ ఎస్టిమేటే 400తో మొదలై 590కి చేరింది. రెండు జీతాల ఇంట్లో ఈఎంఐ కూడా రెండు జీతాలను చూసుకునే పెట్టుకుంటారు కాబట్టి, ఒకటి ఆగితే దెబ్బ గట్టిగానే తగులుతుంది. అత్యవసర నిధి వేరే ఖాతాలో ఉండాలి, మరమ్మతు చెక్కులు రాసే ఖాతాలో కాదు. మిగిలిన 220ను ఈ వారమే అలా వేరు చేసి, నెలకు 25 మాత్రమే జీతంలా మీ ఖాతాలోకి వేసుకోండి. మీవారికి కొత్త ఉద్యోగం వచ్చి ప్రొబేషన్ ముగిసి, ఆ నిధి 450కి, అంటే తగ్గించిన ఖర్చుకు ఆరు నెలలకు సరిపడా చేరాకే మిగతా పని.

కప్‌బోర్డుల ఆర్డర్ మాత్రం ఈ రోజే ఆపించండి. ప్లైవుడ్ షీట్లు మీ కొలతలకు కోతకు వెళ్లకముందైతే అడ్వాన్సులో కొంతైనా తిరిగి అడగొచ్చు. కోశాక అవి ఇంకెవరి వంటగదికీ పనికిరావు, వాళ్లు డబ్బు వెనక్కి ఇవ్వరు.