క్రోమ్ ప్లేటింగ్‌లో ఉద్యోగం: చేరే ముందు ట్యాంకు చూసి రావాలి

ప్రశ్న: మా అబ్బాయి కెమికల్ ఇంజినీరింగ్‌లో డిప్లొమా పూర్తిచేశాడు. ఒక క్రోమ్ ప్లేటింగ్ యూనిట్‌లో ట్రైనీగా ఉద్యోగం వచ్చింది. క్రోమియంతో క్యాన్సర్ వస్తుందని బంధువులు అంటున్నారు. పంపమంటారా?

జవాబు: బంధువులు చెప్పింది ఉత్త మాట కాదమ్మా. క్రోమ్ ప్లేటింగ్ అంటే వస్తువును ట్యాంకులోని క్రోమిక్ యాసిడ్‌లో ముంచి, కరెంటుతో దాని మీద క్రోమియం పూత పట్టించడం. ఆ యాసిడ్‌లో ఉండేది హెక్సావాలెంట్ క్రోమియం, అంటే క్రోమియంలో బాగా హాని చేసే రూపం. అది ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది. అయితే ఆ పేరు విని ఉద్యోగం వదులుకోమని నేను చెప్పను. ప్రమాదం ఎంతన్నది ఆ యూనిట్‌ను నడిపే తీరు మీద ఉంటుంది. అది చేరకముందే చూసి తెలుసుకోవచ్చు.

ట్యాంకులో పెట్టే కరెంటులో పూతకు పనికొచ్చేది సాధారణంగా ఐదో వంతు కూడా ఉండదు. మిగతాది ఎక్కువగా హైడ్రోజన్ బుడగలు పుట్టించడానికే పోతుంది. ఆ బుడగలు పైకొచ్చి పగిలినప్పుడు యాసిడ్ సన్నటి తుంపరగా గాల్లోకి లేస్తుంది. వస్తువులను వేలాడదీసి ముంచే మనిషి పీల్చేది దాన్నే. ముందు దెబ్బ తినేది ముక్కు. లోపల ఎండిపోయి పక్కులు కడుతుంది, రక్తం కారుతుంది. పట్టించుకోకపోతే ముక్కు మధ్య గోడకు చిల్లు పడుతుంది. చాలామందికి నొప్పి కూడా తెలియదు. చేతి మీద చిన్న గీత ఉన్నా, యాసిడ్ తగిలితే గుండ్రటి గుంటపుండుగా మారి నెలల తరబడి మానదు.

కాబట్టి అబ్బాయిని ఒకసారి షాప్ ఫ్లోర్ చూసి రమ్మనండి. ట్యాంకు అంచునే గాలిని లాగేసే ఎగ్జాస్ట్ ఉందా, పని జరిగేటప్పుడు అది నడుస్తోందా? తుంపర లేవకుండా ద్రావణంలో ఫ్యూమ్ సప్రెసెంట్ కలుపుతున్నారా? గాలిలో క్రోమియం ఎంతుందో కొలిచిన రిపోర్టు చూపించమని అడగాలి. అమెరికాలో 2006లో పెట్టిన హద్దు, 8 గంటల సగటున ఘనపు మీటరు గాలికి 5 మైక్రోగ్రాములు. రిపోర్టు చూసేటప్పుడు ఆ అంకె గుర్తుంటే చాలు. ఉద్యోగులకు ముక్కు, చర్మ పరీక్షలు ఎన్నాళ్లకోసారి చేస్తారో కూడా అడగాలి. అడిగితే విసుక్కుని, చేతిలో ఒక గుడ్డ మాస్కు పెట్టే చోటికి పంపకండి. ఆ మాస్కు ఈ తుంపరను ఆపలేదు.

చేరితే మాత్రం పని బట్టలు ఇంటికి తేకూడదు. లైన్ దగ్గర తినడం, తాగడం వద్దు. సిగరెట్ అలవాటుంటే ఈ పనిలో అది మరీ చెరుపు.

ఇక కెరీర్ సంగతి. ఏళ్ల తరబడి ట్యాంకు పక్కనే నిలబడే ఉద్యోగం కాకుండా, ద్రావణం శాంపిల్స్ పరీక్షించే ల్యాబ్ పనిలోకి, ప్రాసెస్ కంట్రోల్‌లోకి మారే దారి ఉందేమో ఇంటర్వ్యూలోనే అడగమనండి. అలంకారపు పూతల్లో, హాని చాలా తక్కువగా ఉండే మరో రూపం, ట్రైవాలెంట్ క్రోమియం వాడకం పెరుగుతోంది. అది నడపడం నేర్చుకున్నవాడికి గిరాకీ ఉంటుంది. ఈ విషయం మీద ఆసక్తి పుడితే ఇండస్ట్రియల్ హైజీన్ చదవొచ్చు. కార్మికులు పీల్చే గాలిని కొలిచి, ఎగ్జాస్ట్ ఎక్కడ పెట్టాలో చెప్పే వృత్తి అది. కెమిస్ట్రీ పునాది ఉన్న మీ అబ్బాయికి బాగా సరిపోతుందని నా అభిప్రాయం.