ఆ సారం ఎలా తీశారో కూడా రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చదివించే గుణం ఉంది నీ రాతలో. కానీ "ఈ ఆకులో యాంటీఆక్సిడెంట్లు పుష్కలంగా ఉన్నట్టు పరిశోధనలో తేలింది" అన్న చోట ఆగిపోయాను. దేనిలో నానబెట్టి తీస్తే పుష్కలం? నీళ్లలోనా, ఆల్కహాల్‌లోనా? ఎంత వేడిలో, ఎంతసేపు? ఆ అంకెలో మొక్క వాటా ఎంతో, సారం తీసిన పద్ధతి వాటా కూడా అంతే ఉంటుంది.

పసుపునే తీసుకో. అందులోని కర్క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, ఇథనాల్‌లో బాగా కరుగుతుంది. రోజ్‌మేరీలో రోజ్‌మరినిక్ ఆమ్లం నీళ్లలోకి కూడా వస్తుంది, కార్నోసిక్ ఆమ్లం మాత్రం నీళ్లలో దాదాపు కరగదు, దానికి ఆల్కహాల్ లాంటి ద్రావణి (కరిగించే ద్రవం) కావాలి, అంటే ఆకు ఒకటే అయినా చేతికొచ్చే సారం వేరు. మొక్కల్లో యాంటీఆక్సిడెంట్లుగా పనిచేసే ఫినాలిక్ పదార్థాల (ఫినాల్స్) విషయంలో చాలాసార్లు శుద్ధమైన ఆల్కహాల్ కంటే నీళ్లు కలిపిన 50 నుంచి 80 శాతం ఆల్కహాలే ఎక్కువ రాబడుతుంది, ఎందుకంటే నీళ్లు తగిలితే ఎండిన కణజాలం ఉబ్బి ద్రావణిని లోపలికి రానిస్తుంది. మిథనాల్ కూడా ల్యాబ్‌లో బాగా పనిచేస్తుంది గానీ అది విషం. మిథనాల్ సారంతో వచ్చిన ఫలితాన్ని తెచ్చి ఇంట్లో కాచే కషాయానికి అంటగట్టకూడదు, నీ మూడో పేరాలో జరిగింది అదే.

వేడి సంగతి ఇంకా జాగ్రత్తగా రాయాలి. వేడి పెంచితే పదార్థాలు త్వరగా బయటికొస్తాయి, హద్దు దాటితే వాటిలో కొన్ని పాడైపోతాయి. విటమిన్ సి, ఎర్ర ఊదా రంగులనిచ్చే ఆంథోసయనిన్లు ముందు దెబ్బతింటాయి. యాంటీఆక్సిడెంట్ కాకపోయినా, మలేరియా మందు ఆర్టెమిసినిన్ కథ ఒకసారి చదువు: వేడి చేసి తీసిన సారాలు సరిగా పనిచేయలేదు, 1971లో చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్‌తో తీస్తే మలేరియా మీద పనిచేసింది, 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ వస్తుందనీ అనుకోకు, రావలసింది వచ్చేశాక మిగిలేది ఆక్సీకరణే. ఆకు నీడలో ఎండిందా ఓవెన్‌లోనా, పొడి ఎంత మెత్తగా ఉంది, ఇవి కూడా ఆ పరిశోధన పేపర్‌లో వెతుకు.

అందరూ తప్పటడుగు వేసేది యూనిట్ల దగ్గర. లెక్క కోసం 100 గ్రాముల ఎండుటాకు అనుకుందాం. ఒక పద్ధతిలో 5 గ్రాముల సారం వచ్చింది, గ్రాముకి 200 మిల్లీగ్రాముల ఫినాల్స్. ఇంకో పద్ధతిలో 20 గ్రాములు, గ్రాముకి 100 మిల్లీగ్రాములు. గ్రాము సారానికి చూస్తే మొదటిది రెట్టింపు బలంగా కనిపిస్తుంది. ఆకు మొత్తం మీద చూస్తే మొదటి దాంట్లో వచ్చింది 1000 మిల్లీగ్రాములు, రెండో దాంట్లో 2000. అందుకే అంకె పక్కన "గ్రాము సారానికి" అని ఉందా, "గ్రాము ఎండుటాకుకి" అని ఉందా చూడకుండా రెండు పేపర్లను పోల్చకు.

పరీక్షలకూ పరిమితులున్నాయి. యాంటీఆక్సిడెంట్ బలాన్ని కొలిచే డీపీపీహెచ్ పరీక్షలో ఊదా రంగు ద్రావణం పసుపు వైపు తిరుగుతుంది, ఆ మార్పుని 517 నానోమీటర్ల కాంతి దగ్గర కొలుస్తారు, ఐసీ50 (సగం ప్రభావానికి కావలసిన సారం మోతాదు) ఎంత తక్కువైతే సారం అంత బలమైనది. నువ్వు ఎక్కువైతే గొప్పని రాశావు, దిద్దు. ఫినాల్స్ మొత్తాన్ని కొలిచే ఫోలిన్ పరీక్షలో విటమిన్ సి, కొన్ని చక్కెరలు కూడా ఫినాల్స్ లెక్కలో కలిసిపోతాయి. పైగా టెస్ట్ ట్యూబ్‌లో చూపిన బలం ఒంట్లోనూ చూపిస్తుందన్న హామీ లేదు. అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన ఓరాక్ విలువల (టెస్ట్ ట్యూబ్‌లో కొలిచిన యాంటీఆక్సిడెంట్ బలం) పట్టికను వెబ్‌సైట్ నుంచి తీసేసింది కూడా ఇందుకే, కంపెనీలు ఆ అంకెలను ప్రకటనలకు వాడుకుంటున్నాయని.

ఇప్పుడు ఆ పేపర్‌లో పద్ధతుల భాగం తెరిచి ద్రావణి, వేడి, సమయం, యూనిట్ నాలుగూ రాసుకో. వాటితో మూడో పేరా మళ్లీ రాసి పంపు, ఆదివారంలోపు చూస్తాను.