డీజిల్ పెరిగింది సరే, మీ మీద పడేదెంత?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ధరల గోలే. ఒకేలాంటివి కలిపి ఐదింటికి జవాబులిస్తున్నాం. లెక్కల్లో వాడిన రేట్లు ఉదాహరణకు మాత్రమే, మీ బిల్లులో ఉన్న అంకె పెట్టి మళ్లీ వేసుకోండి.

ప్రశ్న: 1,000 చదరపు అడుగుల ఇల్లు కడుతున్నాం. సరుకుతో కలిపి అడుగుకు 2,000 రూపాయలకు మాట్లాడుకున్నాం. పునాది లేచాక ఇనుము, సిమెంటు పెరిగాయి, అడుగుకు ఇంకో 200 వేయాలంటున్నాడు మేస్త్రీ. ఇవ్వాలా? మిగతా సరుకు మేమే ఒకేసారి కొనేస్తే మేలా?
– ఓ గృహిణి, తిరుచానూరు

జవాబు: అడుగుకు 200 అంటే మొత్తం 2 లక్షలు. అంత పెరిగిందో లేదో సరుకు లెక్కే చెబుతుంది. మామూలు ఇంటికి అడుగుకు ఇనుము 4 కిలోలు, సిమెంటు 0.4 బస్తా పడుతుంది. మీ ఇంటికి 4 టన్నులు, 400 బస్తాలు. ఇనుము కిలోకు 5 రూపాయలు పెరిగిందనుకుంటే 20,000, సిమెంటు బస్తాకు 30 పెరిగిందనుకుంటే 12,000. రెండూ కలిపి 32,000. అంటే అడుగుకు 32 రూపాయలు. అందులోనూ పునాదికి వాడింది పాత రేటు సరుకు కాబట్టి ఆ మేరకు తీసేయాలి. ఇటుక, కంకర కూడా పెరిగాయంటే పాత బిల్లూ కొత్త బిల్లూ పక్కపక్కన పెట్టమనండి. ఇసుకకైతే ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులైలో ఉచిత ఇసుక విధానం వచ్చాక మనం కట్టేది ముఖ్యంగా లోడింగు, బాడుగే. అందుకే డీజిల్ పెరిగినప్పుడు ముందు కదిలేది ఇసుక ట్రాక్టరు రేటు.

మీ ఒప్పందం 2025 సెప్టెంబరు 22కు ముందుదైతే ఇంకో సంగతి ఉంది. ఆ రోజు నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పన్ను కాక 300 ఉండే బస్తా 384 నుంచి 354కు రావాలి. ఈ తగ్గిన 30 సంగతి మేస్త్రీ ఎత్తి ఉండడు, మీరే ఎత్తండి.

ఇక ఒకేసారి కొనడం. ఇనుముకైతే సరే, సిమెంటుకు వద్దు. మూడు నెలలు నిలవున్న సిమెంటు గాలిలో తేమ పట్టి బలంలో దాదాపు ఐదో వంతు పోగొట్టుకుంటుంది. మూడు నాలుగు వారాలకు సరిపడా తెచ్చుకుని, నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో, పది బస్తాల ఎత్తు మించకుండా పేర్చండి. కమ్మీలను దిమ్మెల మీద పెడితే చాలు. పైపైన వచ్చే ఎర్ర తుప్పుతో నష్టం లేదు. పొరలుగా రాలుతుంటే మాత్రం వైరు బ్రష్షుతో రుద్దాలి.

కమ్మీలను లెక్కపెట్టి కాదు, తూకం వేయించి కొనండి. 12 మీటర్ల కమ్మీ 8 ఎంఎం అయితే 4.74 కిలోలు, 10 ఎంఎం 7.4, 12 ఎంఎం 10.66, 16 ఎంఎం 18.96 తూగాలి. 12 ఎంఎం కమ్మీ 5 శాతం దాకా తక్కువ తూగినా ప్రమాణం ఒప్పుకుంటుంది. వంద కమ్మీలకు అంగడివాడు 1,066 కిలోల డబ్బు తీసుకుని, వచ్చింది 1,013 కిలోలే అయితే, కిలో 60 చొప్పున 3,180 రూపాయలు ఉత్తపుణ్యానికి పోయినట్టే. బండిని ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి వే బ్రిడ్జి ఎక్కించి, రెండు చీటీలూ దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: చెన్నై నుంచి స్టీలు సామాన్లు తెప్పిస్తాను. డీజిల్ లీటరుకు 3 రూపాయలు పెరిగిందని లారీవాళ్లు ట్రిప్పుకు 500 పెంచారు. న్యాయమేనా?
– అంగడి యజమాని, తిరుపతి

జవాబు: డీజిల్ పేరు చెప్పి 500 అంటే కాదు. రానుపోను దాదాపు 280 కిలోమీటర్లు. లీటరుకు 5 కిలోమీటర్లు ఇచ్చే బండికి 56 లీటర్లు, మూడేసి రూపాయల చొప్పున 168. పైగా డీజిల్ జీఎస్టీలోకి రాలేదు, రాష్ట్రానికో వ్యాట్. తమిళనాడులో మనకంటే చవక కాబట్టి చెన్నై తిరిగే బండి ట్యాంకు నింపేది అక్కడే. మన బంకు రేటు చూపిస్తే ఒప్పుకోవద్దు.

అయితే టైర్లు, టోలు, పోయేటప్పుడు ఖాళీగా పోవడం, ఇవన్నీ నిజమైన ఖర్చులే. బేరమంతా ఆ ఖాళీ ట్రిప్పు మీదే చేయండి. ఇక్కడి నుంచి లోడు తీసుకెళ్లి తిరిగొచ్చే బండి దొరికితే 500 కాదు, అంతకు మించే తగ్గుతుంది. బాడుగ రాసుకునేటప్పుడే ‘డీజిల్ ఇంత ఉన్నప్పుడు ఇంత, రూపాయి మారితే ట్రిప్పుకు 56 అటో ఇటో’ అని ఒక వాక్యం రాయించండి. తగ్గినప్పుడూ అదే వర్తించాలి.

ప్రశ్న: సిలిండరు, నూనె పెరిగాయి. దోసె మీద ఎంత పెంచాలి?
– టిఫిన్ సెంటర్, చిత్తూరు

జవాబు: 19 కిలోల సిలిండరు ఎన్ని ప్లేట్లకు వస్తోందో ఒక వారం పలక మీద గీతలు గీయండి. 500 ప్లేట్లకు వస్తే, సిలిండరు 100 పెరిగినా ప్లేటుకు పడేది 20 పైసలు. దోసెకు 10 గ్రాముల నూనె, కిలోకు 20 పెరిగితే ఇంకో 20 పైసలు. ఈ రెంటి కోసం 5 రూపాయలు పెంచితే గిరాకీ పక్కవీధికి పోతుంది. నూనె కొనేటప్పుడు ప్యాకెట్టు మీద గ్రాములు చూడండి. లీటరంటే 910 గ్రాములు, 850వీ 800వీ కూడా అదే సైజులో కనిపిస్తాయి.

ప్రశ్న: ఓడ బాడుగ పెరిగింది, అందుకే తోతాపురికి రేటు ఇవ్వలేమని గుజ్జు ఫ్యాక్టరీవాళ్లు అంటున్నారు. ఇందులో నిజమెంత?
– మామిడి రైతు, బంగారుపాళెం

జవాబు: కొంత నిజం. 2023 చివర ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక యూరప్ ఓడలు చాలావరకు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి, బాడుగలు ఎగిరాయి. కానీ కాయకు పడేదెంతో చూద్దాం. 20 అడుగుల కంటైనరులో 215 కిలోల గుజ్జు డ్రమ్ములు 80 పడతాయి, అంటే 17,200 కిలోలు. కంటైనరుకు 1,000 డాలర్లు పెరిగి, డాలరు 88 రూపాయలైతే 88,000. కిలో గుజ్జుకు 5 రూపాయల 10 పైసలు. కిలో గుజ్జుకు సుమారు 2 కిలోల కాయ కావాలి కాబట్టి కిలో కాయ మీద రెండున్నర రూపాయలు.

ఆ రెండున్నర కూడా ప్రతి ఫ్యాక్టరీకీ తగలదు. ‘ఎఫ్‌ఓబీ’ (సరుకు ఓడ ఎక్కించేదాకే అమ్మేవాడి ఖర్చు) ఒప్పందమైతే ఓడ బాడుగ కొనేవాడిది. దేశంలోని జ్యూస్ కంపెనీలకు పోయే గుజ్జు అసలు ఓడే ఎక్కదు. ఇంకోవైపు, టన్ను 900 డాలర్లకు అమ్మేవాడికి డాలరు 84 నుంచి 88కి వెళితే టన్నుకు 3,600 అదనంగా వస్తుంది. కిలోకు 3 రూపాయల 60 పైసలు. ఆ మాట మీకెవరూ చెప్పరు.

అసలు బరువు పాత నిల్వలది. అసెప్టిక్ సంచిలో (క్రిములు చేరకుండా మూసిన సంచి) గుజ్జు ఏడాదిన్నర నిలుస్తుంది. పోయినేటి డ్రమ్ములు గోదాములో ఉంటే ఈ ఏటి కాయ మీద ఎవరికీ ఆత్రం ఉండదు. 2025లో రేటు పడిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకు 12 నిర్ణయించి, అందులో ఫ్యాక్టరీ 8, తాను 4 అని పంచిన నేపథ్యమూ అదే. కాబట్టి ఈసారి అడగాల్సింది ఓడ బాడుగ గురించి కాదు, నిల్వ గురించి. కాయ దించే వరస చెప్పే టోకెన్ చేతికి రాకుండా కాయ కోయవద్దు. క్యూలో ట్రాక్టరు మీద రెండు రోజులు నిలిచిన కాయ తూకం తగ్గుతుంది, అడుగు వరస మెత్తబడి తరుగు కింద పోతుంది. ర్యాంపులో (కాయ తూచి కొనే చోట) తూకం చీటీ మీద తేదీ, రేటు రెండూ రాయించుకోండి.

ప్రశ్న: కలంకారీ చీరలు కొరియర్‌లో పంపుతాను. ఇంధన సర్‌ఛార్జి పెంచారు. తగ్గించే మార్గముందా?
– శ్రీకాళహస్తి పాఠకురాలు

జవాబు: సర్‌ఛార్జి కంటే మీ పెట్టెకే ఎక్కువ కడుతున్నారేమో చూడండి. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. ఆ అంకె, అసలు బరువు, రెంటిలో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. 600 గ్రాముల చీర 40, 30, 10 పెట్టెలో పెడితే 2.4 కిలోలు. అదే 30, 25, 4 కవరులో పెడితే 0.6 కిలో. సర్‌ఛార్జి లెక్క చిన్నది: 200 బాడుగ మీద 20 శాతం, పైన 18 శాతం జీఎస్టీ కలిపి 283. 25 శాతమైతే 295. తేడా 12 రూపాయలే.

చీరను బటర్ పేపరులో చుట్టి, లోపల పాలిథీన్ కవరు తప్పకుండా వేయండి. సహజ రంగులకు తడి తగిలితే మరక పడుతుంది. కవరు మధ్యలో ఉబ్బకుండా పలచటి అట్ట పెట్టండి. కొలిచే యంత్రం అంచును కాదు, ఉబ్బునే చూస్తుంది. 4 సెంటీమీటర్లు 6 అయితే 0.6 కాస్తా 0.9 అవుతుంది.