నెట్ రావట్లేదంటే ఎక్కడ ఆగిందో చూడు

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఆఫీసులో నెట్‌వర్క్ పని నీకు అప్పగించారని అమ్మ చెప్పింది. ప్రోటోకాల్ (యంత్రాలు మాట్లాడుకునే పద్ధతి) పేర్లన్నీ బట్టీ పట్టకు. ఎవరైనా "నెట్ రావట్లేదు" అన్నప్పుడు కబురు ఎక్కడిదాకా వెళ్లి ఆగిందో వెతుక్కుంటూ వెళ్లు, ఆ దారిలోనే అవి ఒక్కొక్కటీ ఎదురవుతాయి. అంతకుముందే రూటర్ ఆపి మళ్లీ ఆన్ చెయ్యకు, తప్పు తాలూకు ఆనవాళ్లు పోతాయి.

కేబుల్, లైటు చూశాక కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టు. అడ్రసు 169.254తో మొదలైతే అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ పలకలేదన్నమాట. కంప్యూటర్ "నాకో అడ్రసు ఇవ్వండి" అని నెట్‌వర్క్ అంతా వినబడేలా అడిగింది, ఎవరూ ఇవ్వకపోతే తనే ఒకటి పెట్టుకుంది. స్విచ్ పోర్టు వేరే వీల్యాన్‌లో (అదే స్విచ్‌లో విడదీసిన ఇంకో నెట్‌వర్క్) ఉండొచ్చు, లేదా అడ్రసులు అయిపోయి ఉండొచ్చు. 255.255.255.0 మాస్క్‌తో (నెట్‌వర్క్ ఎంత పెద్దదో చెప్పే అంకె) వాడుకోగలిగేవి 254 మాత్రమే, ఫోన్లూ అందులోంచే తీసుకుంటాయి. లీజు, అంటే అడ్రసు వాడుకునే గడువు, 8 రోజులుంటే నిన్న వచ్చి వెళ్లినవాళ్ల ఫోన్లకి ఇచ్చిన అడ్రసులు కూడా ఇంకా ఖాళీ కావు. అతిథుల వైఫైకి లీజు రెండు మూడు గంటలు చాలు.

అసలు తిప్పలు పెట్టేది ఇంకొకటుంది. అడ్రసు వస్తుంది, కానీ అది మీది కాదు. ఆఫీసంతా 10తో మొదలవుతుంటే ఒకరికి 192.168.0 వచ్చిందనుకో. ఎవరో ఇంటి రూటర్ తెచ్చి, దాని ల్యాన్ పోర్టుని గోడ సాకెట్‌కి తగిలించి ఉంటారు. అదీ అడ్రసులు పంచుతుంది, చాలావరకు ముందు పలికినవాళ్ల మాటే చెల్లుతుంది. అందుకే పక్కపక్క సీట్లలో ఒకరికి నెట్ వస్తుంది, ఒకరికి రాదు. ఐపీకాన్ఫిగ్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ అడ్రసు చూసి, ఏఆర్‌పీ -ఏ కొట్టి దాని మ్యాక్ (యంత్రం సొంత గుర్తింపు సంఖ్య) పట్టుకో. ఆ మ్యాక్ స్విచ్‌లో ఏ పోర్టు మీద ఉందో చూసి ఆ పోర్టు ఆపు. మేనేజ్డ్ (సెట్టింగులు మార్చగలిగే) స్విచ్ అయితే, అనుమతి లేని పోర్టు నుంచి అడ్రసులు పంచకుండా ఆపే డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టెయ్యి.

అడ్రసు సరిగ్గా ఉంటే గేట్‌వేకి (బయటికి దారి ఇచ్చే రూటర్) పింగ్ చెయ్యి, అంటే చిన్న కబురు పంపి జవాబొస్తుందో చూడు, ఆపైన బయట ఉన్న గూగుల్ అడ్రసు 8.8.8.8కి. అంకెలకి జవాబొచ్చి పేరుతో సైటు తెరుచుకోకపోతే పేరుని అడ్రసుగా మార్చే డీఎన్‌ఎస్‌ని అనుమానించు, ఎన్‌ఎస్‌లుకప్‌తో తేలిపోతుంది. పింగ్ పలకలేదని మాత్రం సర్వర్ పడిపోయిందని ఎవరికీ చెప్పకు. పింగ్ వాడేది ఐసీఎంపీ, నెట్‌వర్క్‌లో ఇబ్బందుల కబుర్లు మోసే ప్రోటోకాల్. రాకపోకలు వడకట్టే ఫైర్‌వాల్ దాన్ని ఆపేసి, వెబ్ కోసం 443 పోర్టు (ఇది స్విచ్ సాకెట్ కాదు, సర్వీస్ నంబరు) తెరిచే ఉంచొచ్చు.

ఎర్రర్‌ని ఉన్నదున్నట్టు చదవమని అడుగు. "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అంటే సాధారణంగా యంత్రం దాకా చేరాం, ఆ పోర్టు దగ్గర వినేవాళ్లే లేరు. సర్వీస్ నడుస్తోందో లేదో చూడు. "టైమ్డ్ అవుట్" అంటే కనెక్షన్ మొదలుపెట్టే టీసీపీ పలకరింపుకి బదులే రాలేదు. దారిలో ఫైర్‌వాల్ మింగేసిందేమో, యంత్రమే లేదేమో చూడు. సైటు గుర్తింపు సరిచూసే సర్టిఫికెట్ ఎర్రర్ ఒక్క కంప్యూటర్‌లోనే వస్తే ముందు దాని తేదీ, గడియారం చూడు.

కొన్ని సైట్లు బాగా తెరుచుకుని, కొన్ని సగంలో వేలాడుతుంటే ఎంటీయూ (ఒక ప్యాకెట్ ఎంత పెద్దదిగా వెళ్లొచ్చో ఆ హద్దు) మీద కన్నెయ్యి. మామూలు ఈథర్‌నెట్‌లో ప్యాకెట్ గరిష్ఠంగా 1500 బైట్లు. పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే) కనెక్షన్ దాని హెడర్‌కి 8 తీసుకుంటుంది, మిగిలేది 1492. "చిన్నది చేసి పంపు" అని చెప్పే ఐసీఎంపీ కబురుని దారిలో ఎవరైనా ఆపేస్తే పెద్ద ప్యాకెట్లు చప్పుడు లేకుండా పోతాయి. పింగ్ -ఎఫ్ -ఎల్ 1464 (దీనికి 28 బైట్ల హెడర్ కలిసి 1492) వెళ్లి 1472 ఆగిపోతే ఇదే సంగతి, రూటర్‌లో ఎంటీయూ 1492, ఎంఎస్ఎస్ (హెడర్లు పోగా టీసీపీ డేటాకి మిగిలే చోటు) 1452 పెట్టు. భద్రత పేరుతో ఐసీఎంపీని మొత్తంగా మూసేయొద్దని మీవాళ్లకి గట్టిగా చెప్పు.

ఈ వారంలోనే స్విచ్‌లుండే రాక్ తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించు. గేట్‌వే, డీఎన్‌ఎస్, డీహెచ్‌సీపీ పూల్ (పంచే అడ్రసుల వరస) ఎక్కణ్ణించి ఎక్కడిదాకా, ప్రింటర్లకి విడిగా ఇచ్చిన అడ్రసులు రాసిపెట్టు. ప్రింటర్లవి పూల్ బయట ఉండాలి, లేకపోతే ఒకే అడ్రసు ఇద్దరికి పడుతుంది. పాస్‌వర్డులు మాత్రం దానిమీద రాయకు.

మీ మామయ్య